చెక్కకు లెక్క వచ్చిన దారి

జనపనార మిల్లులో దారం చుట్టుకునే బాబిన్‌ను ప్లాస్టిక్ రాకముందు చెక్కతోనే చేసేవారు. జానెడు పొడవు ముక్క. నడుమ సన్నగా, రెండు కొసలా పళ్లెం అంచులా వెడల్పుగా, మధ్యలో నిలువునా ఒక రంధ్రం. చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది, పని మాత్రం ఆట కాదు. వడికే ఫ్రేములో కదురు మీది రెక్క నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పీచుకు మెలి పెడుతుంది. ఆ దారమే బాబిన్‌ను వెంట లాక్కుంటూ దాని మీద చుట్టుకుంటుంది. రంధ్రం మధ్యకు కాస్త పక్కగా పడిందా, బాబిన్ ఊగుతుంది. ఊగితే దారం ఒక క్షణం బిగుసుకుని మరుక్షణం వదులై, చివరికి పుటుక్కున తెగుతుంది. ఒక ఫ్రేములో ఇలాంటివి పదుల్లో, ఒక మిల్లులో వేలల్లో ఉండేవి. అన్నీ ఒకే కొలతకు రావాలి, ఏదైనా ఏ కదురుకైనా సరిపోవాలి. చెక్కను కంటి అంచనా వదిలి కొలతకు కట్టేసిన వస్తువుల్లో బాబిన్‌ది ముందు వరస. ఇవాళ ఇంట్లో చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆజ్ఞలతో కోసే యంత్రం) పెట్టుకుని సరదాకి చెక్కపని నేర్చుకునేవారి విద్యకు పూర్వచరిత్ర వెతికితే, తెలుగువాళ్ల వరకు అందులో ఒక పాయ హుగ్లీ ఒడ్డు మిల్లుల మీదుగా పోతుంది.

ఆ ఒడ్డున ఉన్న మిల్లు ఊళ్లలో బడ్జ్ బడ్జ్ ఒకటి. కోల్‌కతాకు నైరుతిగా, నది ఎడమ గట్టున ఉంది. అక్కడివాళ్లు బజ్‌బజ్ అంటారు. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరు కనిపించేది వేరే సందర్భాల్లో. 1756 డిసెంబరులో ఇక్కడి కోటను క్లైవ్ సేన పట్టుకుంది. తాగిన మైకంలో గోడెక్కిన స్ట్రాహన్ అనే నావికుడి వల్ల పెద్ద పోరు లేకుండానే కోట చేతికొచ్చిందని చెబుతారు. 1914 సెప్టెంబరు 29న కొమగాటమారు ఓడలో తిరిగి వచ్చిన పంజాబీ ప్రయాణికుల మీద కాల్పులు జరిగింది కూడా ఇక్కడే. ఈ రెండిటి మధ్య, పుస్తకాలు పెద్దగా పట్టించుకోని కాలంలో, ఊరి బతుకును మార్చినవి చటకళ్లు. జనపనార మిల్లుకు బెంగాలీ పేరు చటకల్.

బెంగాల్‌లో మొదటి జనపనార మిల్లు 1855లో రిష్రా దగ్గర వచ్చింది, దాన్ని పెట్టినవాడు జార్జ్ ఆక్లండ్. బడ్జ్ బడ్జ్‌లో 1870ల్లో మొదలై, ఆల్బియన్, లోథియన్, చెవియట్, ఓరియంట్, కాలెడోనియన్ అంటూ వరసగా మిల్లులు లేచాయి. ఈ పేర్లలో చాలావాటి మీద స్కాట్లండ్ ముద్ర ఉంది. మేనేజర్లూ ఇంజనీర్లూ ఎక్కువగా డండీ నుంచి వచ్చినవాళ్లే. యంత్రాలు కూడా డండీ, లీడ్స్, బెల్‌ఫాస్ట్‌ల నుంచే ఓడల్లో దిగేవి. 1890లో రైలు వచ్చింది, 1900లో మునిసిపాలిటీ ఏర్పడింది. ఒడ్డున ఓడలు, లోపల రైలు, మధ్యలో పొగ గొట్టాలు.

ఆ యంత్రాలతో పాటు ఒక కొత్త రకం చెక్కపని కూడా దిగింది. దాని కొత్తదనం తెలియాలంటే ముందు పాతపని ఎలా ఉండేదో చూడాలి.

ఆ పని చేసే సాధనానికి తెలుగులో తరిమెన అని పేరు. కర్రను రెండు మొనల మధ్య బిగించి, దానికి తాడు చుట్టి, ఒకరు తాడును అటూ ఇటూ లాగుతుంటే మరొకరు ఉలి ఆనించి గుండ్రంగా దించుతారు. కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. ఉలి కోసేది ఒక వైపు తిరిగినప్పుడే. రెండో వైపు తిరిగేటప్పుడు చేయి వెనక్కి తగ్గాలి. ఆ తాళం కుదరడానికే నెలలు పట్టేది. మంచం కోళ్లు, ఊయల గొలుసుల మధ్య గుళ్లు, పిల్లల బొంగరాలు, కుంకుమ భరిణెలు, అన్నీ దీని మీద పుట్టినవే. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఈ పనికి పేరుపడ్డ ఊరు. నిన్నమొన్నటి వరకు విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అక్కడ వాడే కర్ర అంకుడు, పాలకొడిశ అని కూడా అంటారు. తెల్లగా, మెత్తగా, పోగు దగ్గరదగ్గరగా ఉండే కర్ర కాబట్టి ఉలి కింద చీలదు, గరుకు తేలదు. తిరుగుతున్న బొమ్మకు లక్క కణికను నొక్కిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, ఆపైన ఎండు మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె లేదు, పొయ్యి లేదు.

కొలబద్ద కూడా దాదాపు లేదు. పది భరిణెలు చేస్తే పదీ అన్నదమ్ముల్లా ఉంటాయి, కవలల్లా ఉండవు. మూత మాత్రం తన భరిణెకే సరిపోతుంది, ఎందుకంటే ఆ మూతను ఆ భరిణె మీదే పెట్టి చూసుకుంటూ దించారు. కొండపల్లిలోనూ అంతే. అక్కడ తెల్లపొణికి కర్రను బాడితెతో, ఉలితో చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారు. తేడాను మక్కు సర్దేస్తుంది. తేడాను సర్దుకోవడం చేతిపనిలో లోపం కాదు, దాని నడకే అది.

నేర్చుకునే తీరూ దానికి తగ్గట్టే ఉండేది. వడ్రంగి ఇంట పుట్టిన పిల్లవాడు ముందు పొట్టు ఊడ్చేవాడు, తర్వాత రంపానికి అవతలి కొస పట్టేవాడు, ఆ తర్వాత ఉలి సాన పెట్టేవాడు. చిత్రిక అందే వేళకు కర్ర మీద వేలు పెట్టి పోగు ఎటు పోతోందో చెప్పగలిగేవాడు. పాఠం అంటూ ఎవరూ చెప్పరు. తప్పు చేస్తే తండ్రి పనిముట్టు లాక్కుని తను చేసి చూపిస్తాడు, అంతే. ఈ పద్ధతిలో విద్య బయటికి రాదని, కులం గడప దాటదని విమర్శ ఉంది, అది నిజం. కర్ర మాత్రం పిల్లవాడికి పూర్తిగా తెలిసేది, అదీ నిజం.

బాబిన్‌కు దారితీసిన పని వేరే చోట పుట్టింది. తెరచాప ఓడకు తాళ్లు లాగడానికి చెక్క కప్పీలు కావాలి, పెద్ద యుద్ధనౌకకు వెయ్యి దాకా పట్టేవి. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ నౌకాదళానికి ఏటా లక్ష కప్పీలు అవసరమయ్యాయి. 1803లో మొదలుపెట్టి కొన్నేళ్లలో పోర్ట్‌స్మత్ రేవులో మార్క్ బ్రూనెల్ ఆలోచన ప్రకారం హెన్రీ మాడ్స్‌లే 45 యంత్రాలు చేసి ఇచ్చాడు. ఒక్కో యంత్రానికి ఒక్కటే పని: ఒకటి రంధ్రం వేస్తుంది, ఒకటి గాడి తీస్తుంది, ఒకటి మూలలు గుండ్రం చేస్తుంది. 110 మంది పనివాళ్లు చేసే పనిని పదిమంది చేశారు, ఆ పదిమందికీ వడ్రంగం రానక్కర్లేకపోయింది. 1808లో 1,30,000 కప్పీలు తయారయ్యాయి. యంత్రాలతో పెద్దయెత్తున ఒకే రకం వస్తువు తయారుచేయడం అనే పద్ధతి తొలిసారి గట్టిగా నిలబడింది ఇనుప వస్తువుతో కాదు, చెక్క వస్తువుతో. ఆధునిక పరిశ్రమ చరిత్ర చెప్పేవాళ్లు ఆవిరి యంత్రం దగ్గర ఆగిపోయి ఈ కప్పీని మరచిపోతుంటారు.

1819లో అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ ఇంకో అడుగు వేశాడు. తుపాకీ మడమ గుండ్రంగా ఉండదు, వంపులు తిరిగి ఉంటుంది, మామూలు లేత్ మీద రాదు. అతను ఒక పక్క నమూనా మడమను, ఇంకో పక్క కర్ర దిమ్మను కలిపి తిప్పాడు. నమూనాను ఒక చక్రం తడుముతూ పోతుంటే, దానికి కట్టిన కోత చక్రం కర్రలో అదే వంపును దించింది. రూపం చేతిలో కాక నమూనాలో ఉంది. నమూనా ఒకటి ఉంటే నకళ్లు ఎన్నయినా తీయొచ్చు. ఇవాళ్టి సీఎన్‌సీకి ఇది తాత వరస.

బాబిన్ మిల్లులూ ఈ బాటలోనే నడిచాయి. ఇంగ్లండ్‌లో సరస్సుల జిల్లాలో 1835లో కట్టిన స్టాట్ పార్క్ మిల్లు 1971 దాకా పనిచేసింది, ఇప్పుడది మ్యూజియం. అక్కడ బాబిన్ ఎలా తయారయ్యేదో చూస్తే లెక్క పని ఎంత ఓపికగా మొదలయిందో తెలుస్తుంది. నరికిన మోటు నుంచి మళ్లీ చిగిర్చే చెట్ల కొమ్మల్ని ముక్కలు కోసి, రంధ్రం వేసి, ముతకగా దించి, ఆరబెట్టేవారు. ఆరాక కర్ర కుంచించుకుపోయి రంధ్రం గుండ్రం తప్పుతుంది. అందుకని రంధ్రాన్ని మళ్లీ సరిచేసి, అప్పుడే చివరి కోతకు లేత్ మీద పెట్టేవారు. చివర మైనం ముక్కలతో పాటు పీపాలో వేసి దొర్లిస్తే బాబిన్లు ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కేవి. ఇన్ని యంత్రాలున్నా ఆరబెట్టే గది లేకుండా పని సాగలేదు. కర్రలో తేమ పోయేదాకా ఆగాల్సిందే.

బడ్జ్ బడ్జ్ లాంటి చోట్ల ఈ బాబిన్లు ఎక్కిన ఫ్రేముల ముందు నిలబడినవాళ్లలో మొదట స్థానిక బెంగాలీలు ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివరికి బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా మనుషులు నిండిపోయారు. తెలుగువాళ్ల రాక రైలుతో ముడిపడింది. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీర రైలు మార్గం పడింది, 1900 నాటికి అది హౌరాకు కలిసింది. గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కూలీలు కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ ఓడ ఎక్కడం అప్పటికే అలవాటు. ఇప్పుడు కలకత్తా రైలు ఇంకో దారి తెరిచింది. హుగ్లీ తీరపు మిల్లు బస్తీల్లో, టిటాగఢ్‌లో మరీ ఎక్కువగా, తెలుగు గొంతులు వినబడసాగాయి. అక్కడ వీళ్లందరికీ ఒకటే పేరు, మద్రాసీ. చాలా కాలం తర్వాత, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చడానికి ఒప్పుకుంది. రైలు ఊరైన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ప్రస్తావన అందులో ఎక్కువ వినిపించినా, వలస మూలం ఒకటే.

మిల్లులో పని ఇప్పించేవాడు సర్దారు. ఊరివాణ్ణి ఊరివాడే తెచ్చి చేర్చేవాడు, అందుకు సలామీ పుచ్చుకునేవాడు. నిండిన బాబిన్ తీసి ఖాళీది పెట్టే పని పిల్లలది. సన్నని వేళ్లు, చురుకైన కాళ్లు కావాలని వాళ్లను పెట్టేవారు. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దంది, 1891లో ఆ హద్దు తొమ్మిదేళ్లు అయింది, 1922లో పన్నెండు. అంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా తొమ్మిదేళ్ల పిల్లవాడు చట్టబద్ధంగానే సగం పూట బాబిన్లు మార్చేవాడు. ఊళ్లో తరిమెన దగ్గర తాడు లాగే పిల్లవాడికి ఏదో ఒకనాడు ఉలి చేతికి వస్తుందన్న ఆశ ఉంది. ఇక్కడ బాబిన్ మార్చేవాడు ఎన్నేళ్లు మార్చినా బాబిన్ చేయడం రాదు.

చెక్కపని తెలిసినవాళ్లు మిల్లులో ఇంకో చోట ఉండేవారు. ప్రతి మిల్లుకూ ఒక మిస్త్రీఖానా ఉండేది. ఫిట్టర్లు, టర్నర్లు, కమ్మరులు, వడ్రంగులు అక్కడే. యంత్రాల చెక్క భాగాలు, పెట్టెలు, తలుపులు, పోత పోయడానికి కావలసిన చెక్క అచ్చులు వీళ్ల పని. అచ్చు చేసేవాడికి వింత లెక్క ఒకటి తెలియాలి. పోసిన ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చును ఆ మేరకు పెద్దది చేయాలి. దానికోసం అంగుళం కాస్త ఎక్కువ పొడవు ఉండే ప్రత్యేకమైన కొలబద్ద వాడేవారు. చదువు పెద్దగా లేని మిస్త్రీ కూడా నీలం కాగితం మీది గీతలు చూసి చెక్కలోకి దించేవాడు. చేతివిద్య, కొలత విద్య ఒకే మనిషిలో కలిసిన చోటు అది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం, దాని కింద వచ్చిన ఐటీఐలు, 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ విద్యను కులం, సర్దారు అనే రెండు గడపల నుంచి బయటికి తెచ్చాయి. కార్పెంటర్, టర్నర్ అనేవి ఐటీఐలో ట్రేడుల పేర్లయ్యాయి.

ఇంతవరకు రూపం ఉన్నది చేతిలోనో, నమూనాలోనో. దాన్ని అంకెల్లోకి మార్చిన కథకు మొదలు మగ్గం. 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్ తయారుచేసిన మగ్గంలో రంధ్రాలు పొడిచిన అట్టముక్కల దండ ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో చెబుతుంది. వెంకటగిరి, గద్వాల నేతగాళ్ల మగ్గాల మీద ఇలాంటి అట్టలు తెలుగువాళ్లు చూసినవే. పూవు ఎక్కడుందని అడిగితే నేతగాడు ఆ అట్టల దండనే చూపిస్తాడు. రంధ్రాలున్న అట్టలనే హెర్మన్ హాలరిత్ అమెరికాలో 1890 జనాభా లెక్కలకు వాడాడు, ఆయన సంస్థ ఇతర సంస్థలతో కలిసి తర్వాత ఐబీఎం అయింది. ఆ ఐబీఎం యంత్రం ఒకటి 1940ల్లో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే కాంట్రాక్టరు చేతికి చిక్కింది.

పార్సన్స్ సికోర్స్కీ హెలికాప్టర్లకు రెక్కలు చేసి ఇచ్చేవాడు. ఆ రెక్కలో ఒక భాగం కర్ర బద్ద, దాని వంపు గాలి లెక్కకు సరిగ్గా రావాలి. సికోర్స్కీ సంస్థ ఇచ్చిన పటంలో వంపు మీద 17 బిందువులే ఉండేవి. మధ్యలో గీత వంపుబద్దతో కలుపుకోవాలి, దాని ప్రకారం చెక్కతో ఒక అచ్చు చట్రం చేసి, కర్ర బద్దల్ని అందులోకి నొక్కి వంచాలి. వంపు గీసేవాడి కన్ను ఎంత మంచిదైతే రెక్క అంత మంచిది. రెక్కలు దెబ్బతిన్నప్పుడు పార్సన్స్‌కు ఈ అంచనా మీద నమ్మకం సడలింది. ఆయన దగ్గర చేరిన ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం యంత్రం మీద లెక్క కట్టించి 17 బిందువుల చోట 200 బిందువులు ఇచ్చాడు.

వాటిని లోహంలోకి దించిన తీరు వినడానికి తమాషాగా ఉంటుంది. మిల్లింగ్ యంత్రం దగ్గర ఒకడు కాగితం పట్టుకుని అంకెలు చదువుతాడు. ఒకడు అడ్డం పిడి తిప్పుతాడు, ఇంకొకడు నిలువు పిడి తిప్పుతాడు. చదివిన ప్రతి అంకె దగ్గరా ఆగి, చిన్న కోత కోసి, మళ్లీ కదులుతారు. సీఎన్‌సీ యంత్రం చేసేది ఇప్పటికీ ఇదే. ఆ ముగ్గురు మనుషుల చోట ఒక బోర్డు, రెండు మూడు మోటార్లు వచ్చాయి.

1949లో అమెరికా వైమానిక దళం సొమ్ముతో పార్సన్స్ ఆ ముగ్గుర్నీ తీసేసే యంత్రం కోసం బయలుదేరాడు, ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాలను తోడు తీసుకున్నాడు. 1952 సెప్టెంబరులో ఎంఐటీ దాన్ని లోకానికి చూపించింది. అంతటి మిల్లింగ్ యంత్రాన్ని 292 వాక్యూమ్ ట్యూబుల పెట్టె నడిపింది, ఆజ్ఞలు రంధ్రాల కాగితపు పట్టీ మీద. పేరు ప్రతిష్ఠలు ప్రయోగశాలకు ఎక్కువ, పార్సన్స్‌కు తక్కువ దక్కాయి. పేటెంట్ మాత్రం 1958లో ఆయనకూ స్టూలెన్‌కూ వచ్చింది, 1985లో దేశపు సాంకేతిక పతకం ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. రంధ్రాలు చేత్తో పొడవడం కోత కంటే ఎక్కువ కాలం తీసుకోవడంతో, ఎంఐటీలోనే డగ్లస్ రాస్ బృందం ఆకారాన్ని మాటల్లో చెబితే లెక్క తానే కట్టే ఏపీటీ భాష తయారుచేసింది. 1959 ఫిబ్రవరిలో విలేకరులకు చూపించినప్పుడు, దాంతో చేసిన అల్యూమినియం యాష్‌ట్రేలు జ్ఞాపికలుగా పంచారు. తర్వాత చాలా యంత్రాలకు కలిసే ఉమ్మడి లిపిగా జీకోడ్ స్థిరపడింది. జీ0 అంటే గాలిలో వేగంగా వెళ్లు, జీ1 అంటే నేరుగా కోస్తూ వెళ్లు, జీ2, జీ3 అంటే చాపం గీస్తూ వెళ్లు. ఇవాళ కర్మాగారంలోని భారీ యంత్రానికీ, వరండాలో పెట్టుకునే బుల్లి యంత్రానికీ ఈ అక్షరాలే ఓనమాలు.

తెలుగునాట ఈ విద్య ముందు లోహంలోకే వచ్చింది. సికింద్రాబాద్‌లో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్, హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ, 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో బాలానగర్‌లో ఏర్పడ్డ సీఐటీడీ అనే శిక్షణ సంస్థ ఈ దారిలో మైలురాళ్లు. బాలానగర్ సందుల్లో సీఎన్‌సీ అంటే ఉక్కు, అల్యూమినియం. చెక్కకు అంత ఖరీదైన యంత్రం ఎందుకనే చులకన చాలాకాలం ఉంది.

ఆ ఖరీదు దించినవాళ్లు యంత్రాల కంపెనీలవాళ్లు కాదు, సరదాపరులు. 1990ల్లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రం చెప్పే టెడ్ హాల్ ప్లైవుడ్ పడవ చేసుకోవాలనుకున్నాడు. ముక్కలు కచ్చితంగా కోసే యంత్రం కొనే స్తోమత లేక తనే ఒకటి చేసుకున్నాడు, అదే షాప్‌బాట్ అయింది. ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన ఫ్యాబ్ ల్యాబ్ అనే కార్యశాలల్లో ఈ రౌటర్ ఒక స్థిరమైన సామాను. ఎంఐటీ బయట మొదటి ఫ్యాబ్ ల్యాబ్ వెలిసింది మహారాష్ట్రలోని పాబళ్ పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో, 2002లో. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ గ్రబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. కొన్ని వందల రూపాయల ఆర్డుయినో బోర్డులో, 32 కిలోబైట్ల జాగాలో అది ఇమిడింది. 292 ట్యూబుల పని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పలక మీదకు దిగింది. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ షేపోకో అనే చిన్న సీఎన్‌సీ యంత్రపు నమూనా అందరికీ తెరిచి పెట్టాడు. ఆ తర్వాత చైనా కిట్లు వచ్చాయి. 3018 అని పిలిచే రకం పేరులోనే దాని కొలత ఉంది, 300 మిల్లీమీటర్లు బై 180.

ఇక్కడినుంచి కథ మళ్లీ ఒక్క మనిషి బల్ల దగ్గరికి వస్తుంది. వడ్రంగి కొడుకు కర్రతో మొదలుపెట్టి చివరికి కొలతకు చేరేవాడు. సీఎన్‌సీ నేర్చుకునేవారు కొలతతో మొదలుపెట్టి కర్ర దగ్గరికి నడవాలి. తెర మీద బొమ్మ గీయడం మొదటి వారంలోనే వస్తుంది. బొమ్మను కోత దారిగా మార్చడం రెండో మెట్టు. మూడోది, బిట్ (కోసే పనిముట్టు) మొన చెక్క పైభాగాన్ని ఎక్కడ తాకుతుందో యంత్రానికి చెప్పడం. చాలామంది వాడే ఉపాయం చిత్తుకాగితం ముక్క. బిట్ కింద కాగితం పెట్టి, వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ, కాగితాన్ని వేలితో అటూ ఇటూ లాగుతుంటారు. కాగితం పట్టేసిన క్షణమే సున్నా. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు కాబట్టి తేడా అంతకు మించదు. కోటి రూపాయల పరిశ్రమ లెక్కంతా చివరికి వేలికొస మీదికి రావడం ఈ విద్యలో ముచ్చటైన సంగతి.

వేగం దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. భయంతో నెమ్మదిగా పోనిస్తారు. లెక్క మాత్రం వేరే చెబుతుంది. బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ, రెండు అంచులతో, అంచుకు 0.05 మిల్లీమీటరు చొప్పున చెక్కాలంటే నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు ముందుకు నడవాలి. అంతకంటే బాగా తగ్గితే అంచు కోయదు, రాస్తుంది. చెక్క నల్లబడి కాలిన వాసన వస్తుంది, పొట్టు బదులు పొడి రాలుతుంది, బిట్ మొద్దుబారుతుంది. బుల్లి యంత్రానికి ఆ వేగం తట్టుకునే బిగువు లేకపోతే చుట్లు తగ్గించాలి, లోతు తగ్గించాలి. పొట్టును చూసి, మోత విని దీన్ని సరిచేసుకోవడం నెమ్మదిగా వస్తుంది. తరిమెన దగ్గర తాళం కుదరడం లాంటిదే ఇది.

గుండ్రని బిట్‌తో చదరపు మూల రాదు. 3 మిల్లీమీటర్ల బిట్ లోపలి మూలలో 1.5 మిల్లీమీటర్ల వంపు వదులుతుంది, చదరపు ముక్క అందులో కూర్చోదు. అందుకే మూలల దగ్గర కుక్కకు వేసే ఎముక కొసలా కాస్త అదనంగా తోడుతారు, లేదంటే ఉలి తీసుకుని చేత్తోనే చెక్కుతారు. టేకులో ఉండే ఇసుకలాంటి సిలికా బిట్‌ను త్వరగా తినేస్తుంది. చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్ పలకకు పోగు లేదు, ఎటు కోసినా ఒకటే, అందుకే కొత్తవాళ్లకు సుఖం. దాని పొడి మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కూ దుమ్ము పీల్చే గొట్టమూ లేకుండా దాని జోలికి పోకూడదు. ఎండీఎఫ్ మీదే ఆరు నెలలు గడిపినవారు మొదటిసారి అసలు కర్ర ఎక్కించినప్పుడు అంచులు లేచి, పోగు చీలి, కుదిరిందనుకున్న ముక్క మర్నాటికి వంగి కూర్చుంటుంది. పాఠం అసలు మొదలయ్యేది ఆ రోజే.

వాణిజ్యంలో ఈ యంత్రం తెలుగు పట్టణాల్లోకి పూజగది తలుపుల మీదుగా వచ్చింది. జాలీ పలకలు, ఓంకారాలు, వినాయకులు, సింహద్వారాల మీది లతలు. ఒకప్పుడు నెలల పని, ఇప్పుడు గంటల పని. నిజం చెప్పాలంటే వీటిలో చాలావాటికి ఒకే ముఖం ఉంటుంది, ఎందుకంటే బొమ్మల ఫైళ్లు అందరూ ఒకచోటి నుంచే తెచ్చుకుంటారు. నేర్చుకునేవారికి చోటు కూడా పెరిగింది. హైదరాబాద్‌లో 2023 మార్చి 2న తెరిచిన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల్లో రకరకాల యంత్రాలను ఒకే కప్పు కిందికి తెచ్చింది. ఏటికొప్పాకలో తాడు లాగే మనిషి చోట కరెంటు మోటారు వచ్చింది. చెట్ల నుంచి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉలి ఇంకా చేతిలోనే ఉంది, లక్క ఇంకా రాపిడికే కరుగుతోంది.

చెక్క బాబిన్‌ను ఇవాళ ఎవరైనా సరదాకి చేయాలంటే కర్రను తిప్పే నాలుగో అక్షం ఉన్న చిన్న సీఎన్‌సీ చాలు. సాఫ్ట్‌వేర్‌లో నింపవలసిన కొలతలు నాలుగు: పొడవు, నడుము, అంచు, రంధ్రం. కర్ర ఎంత ఆరిందని అడిగే గడి అందులో ఉండదు.